మొత్తం తీసేయమని చెప్పే ముందు

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామునే లేచి కాఫీ కలుపుకొని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోన్‌లో నేను సగం చెప్పేసరికే నువ్వు "సరే అక్కా, సరే అక్కా" అంటావు. అప్పటికే నీ మనసు ఇంకెక్కడో ఉంటుంది. కాగితం మీద ఉంటే రెండోసారి చదువుకుంటావు, డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు జేబులో పెట్టుకుంటావు.

మరదలికి ఇంకా చెప్పలేదన్నావు. ముందు ఆ పని చెయ్యి. ఈ ఉత్తరంలో మిగతాదంతా ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చదువు. నా విషయంలో మీ బావగారూ పిల్లలూ కలిసి పది రోజులు నాకే చెప్పకుండా దాచారు. నేను గదిలోకి రాగానే మాటలు ఆగిపోయేవి, టీవీ సౌండు పెరిగేది. నాకేదో అయిందని తెలుసు, ఏమయిందో తెలియదు. ఆపరేషన్ తర్వాత కూడా అంత చెడ్డ రోజులు నేను చూడలేదు. భయపడుతుందని నువ్వు దాస్తున్నావు. కానీ నువ్వు రాత్రిళ్ళు లేచి బాల్కనీలో కూర్చుంటుంటే ఆమెకు మెలకువ రాదనుకుంటున్నావా?

ఇక నువ్వడిగిన దానికి వస్తాను. కుడి ఊపిరితిత్తి పై భాగంలో 1.7 సెంటీమీటర్ల గడ్డ ఉంది. అది క్యాన్సరే అని తేలితే లోబ్ మొత్తం, అంటే ఊపిరితిత్తిలో ఆ పెద్ద భాగమంతా తీయక్కర్లేదు, అందులో చిన్న భాగమైన ఒక సెగ్మెంట్ తీస్తే సరిపోవచ్చు అని సర్జన్ అన్నారు. మనవాళ్ళు మాత్రం "క్యాన్సర్ దగ్గర పొదుపేంటి, మొత్తం తీయించేయ్, పీడా పోతుంది" అంటున్నారు. నీకూ లోపల అదే అనిపిస్తోందని నీ గొంతులో తెలిసింది. నాకూ అలాగే అనిపించింది. 2022 చివర్లో నా ఎడమ ఊపిరితిత్తిలో 1.4 సెంటీమీటర్ల గడ్డ బయటపడినప్పుడు "ఎంత ఎక్కువ తీస్తే అంత మంచిది కదా డాక్టరుగారూ" అని నోరు తెరిచి అడిగాను. ఆయన విసుక్కోలేదు. ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక్కి తిప్పి బొమ్మ గీసి, అరగంట కూర్చుని చెప్పారు. ఆ అరగంట దొరికింది కాబట్టే ధైర్యంగా సంతకం పెట్టగలిగాను. నీకూ అంత వివరంగా తెలియాలనే నా తాపత్రయం.

ముప్పై ఏళ్ళు పిల్లలకు నేచురల్ సైన్స్ చెప్పినదాన్ని. కుడి ఊపిరితిత్తికి మూడు లంబికలు, ఎడమ దానికి రెండు అని బోర్డు మీద గీసి తర్వాతి పాఠానికి వెళ్ళిపోయేదాన్ని. డాక్టర్లు లోబ్ అనేది ఆ లంబికనే. ఒక్కో లోబ్‌లో మళ్ళీ సెగ్మెంట్లు ఉంటాయనీ, కుడివైపు 10, ఎడమవైపు లెక్కపెట్టే తీరును బట్టి 8 నుంచి 10 దాకా ఉంటాయనీ నాకు జబ్బు వచ్చాకే తెలిసింది.

నువ్వు ఇరిగేషన్‌లో పని చేసినవాడివి, నీకు కాలువల లెక్కలో చెబుతాను. ప్రకాశం బ్యారేజీ దగ్గర తీసుకున్న నీళ్ళు బెజవాడలో ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువగా విడిపోతాయి కదా. నీ కుడి ఊపిరితిత్తికి ఉన్న మూడు లోబ్‌లూ అలాంటి మూడు కాలువలనుకో. ప్రతి కాలువకూ పిల్లకాలువలు, ప్రతి పిల్లకాలువ కిందా దాని సొంత ఆయకట్టు. సెగ్మెంట్ అంటే ఒక పిల్లకాలువ, దాని కింద పొలం. గాలి తెచ్చే గొట్టం దానికి వేరే ఉంటుంది, రక్తం తెచ్చే ధమని వేరే ఉంటుంది. ఆ తూము మూస్తే ఆ చెక్క ఒక్కటే ఎండుతుంది, పక్క పొలానికి నీళ్ళు ఆగవు. రెండు సెగ్మెంట్ల మధ్య గట్టు వెంబడి సిరలు పోతాయి. సర్జన్‌కు సరిహద్దు చూపించేవి అవే.

ఆ గట్టు పైకి కనపడదు. అందుకని ధమని మూసేశాక చేతి సిరలోంచి ఒక ఆకుపచ్చ రంగు మందు ఎక్కిస్తారు. ప్రత్యేకమైన కెమెరాలో చూస్తే ఊపిరితిత్తి అంతా పచ్చగా వెలుగుతుంది, తీయాల్సిన ముక్క మాత్రం చీకటిగా ఉండిపోతుంది. నీళ్ళందని మడి ఏదో గట్టు మీద నిలబడి చూసినట్టే. నా ఆపరేషన్ వీడియో తర్వాత చూపించారు. భయంగా మొదలుపెట్టాను కానీ, ఆ పచ్చదనం చూస్తుంటే టీచరమ్మ బుద్ధి మేలుకుంది, రెండోసారి వేయమని అడిగాను.

"చిన్న ఆపరేషన్" అనే మాట దగ్గర జాగ్రత్తగా ఉండు. సెగ్మెంట్ తీయడాన్నీ అలాగే అంటారు, వెడ్జ్ తీయడాన్నీ అలాగే అంటారు. వెడ్జ్ అంటే కాలువలూ హద్దులూ చూసుకోకుండా గడ్డనూ దాని చుట్టూ కొంత భాగాన్నీ పుచ్చకాయ ముక్క కోసినట్టు స్టాప్లర్‌తో, అంటే కోస్తూనే కుట్లు వేసే పరికరంతో, కోసి తీయడం. అదీ కొందరికి సరైనదే. ముఖ్యంగా పైపైనే ఉన్న మరీ చిన్న గడ్డకు, లేదా పెద్ద ఆపరేషన్ తట్టుకోలేని మనిషికి. నీకు చెప్పింది ఈ రెండింటిలో ఏదో పేరు పెట్టి అడుగు.

ఇప్పుడు మనవాళ్ళ అనుమానం. తక్కువ తీస్తే క్యాన్సర్ మిగిలిపోదా? ఈ అనుమానం అర్థం లేనిది కాదురా. పెద్ద పెద్ద సర్జన్లకే చాలా ఏళ్ళు ఉంది. 1933 ఏప్రిల్‌లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎవర్ట్స్ గ్రాహమ్ అనే సర్జన్ ఊపిరితిత్తి క్యాన్సర్ రోగికి ఒకవైపు ఊపిరితిత్తి మొత్తం తీసి బతికించారు. అప్పట్లో అదే గొప్ప. తర్వాత తర్వాత లోబ్ ఒక్కటి తీస్తే చాలని తెలిసింది. ఇంకా తగ్గించవచ్చా అని అమెరికాలో 247 మందితో పరీక్షించి 1995లో ఫలితాలు వేశారు. తక్కువ తీసినవాళ్ళలో అదే చోట జబ్బు తిరగబెట్టడం దాదాపు మూడింతలు కనిపించింది. దాంతో పాతికేళ్ళు లోబ్ తీయడమే పద్ధతిగా నిలిచిపోయింది. మన చుట్టాల సలహా ఆ కాలానిది. తప్పనలేం, కాకపోతే పాతబడింది.

ఎందుకు పాతబడిందంటే, ఆ పరీక్షలోకి 3 సెంటీమీటర్ల దాకా గడ్డలున్నవాళ్ళను తీసుకున్నారు. ఇప్పటి లాంటి సన్నటి సీటీ స్కాన్లు అప్పుడు లేవు. ఇవాళ నీలాగా, నాలాగా వేరే దేనికోసమో తీసిన ఎక్స్‌రేలోనో స్కాన్‌లోనో 2 సెంటీమీటర్ల లోపు గడ్డలు దొరుకుతున్నాయి. అలాంటి గడ్డలున్న 1106 మందితో జపాన్‌లో 70 ఆసుపత్రులు కలిసి చేసిన పరీక్ష 2022లో వచ్చింది. ఐదేళ్ళకు సెగ్మెంట్ తీసినవాళ్ళలో 94.3 శాతం, లోబ్ తీసినవాళ్ళలో 91.1 శాతం మంది బతికి ఉన్నారు. మరుసటి ఏడాది అమెరికా నుంచి 697 మంది ఫలితం వచ్చింది. అక్కడ ఐదేళ్ళు జబ్బు తిరగబెట్టకుండా బతికినవాళ్ళు తక్కువ తీసిన వైపు 63.6 శాతం, లోబ్ తీసిన వైపు 64.1 శాతం. అంటే తేడా లేనట్టే. అమెరికా పరీక్షలో వెడ్జ్ చేయించుకున్నవాళ్ళే సగానికి పైగా ఉన్నారు.

రెండో వైపు కూడా చెప్పాలి, నీ దగ్గర దాచను. జపాన్ పరీక్షలో అదే చోట జబ్బు తిరిగి రావడం సెగ్మెంట్ వాళ్ళలో 10.5 శాతం, లోబ్ వాళ్ళలో 5.4 శాతం. అయినా మొత్తం మీద ఎక్కువ మంది బతికారంటే, తర్వాత ఇంకో జబ్బు వచ్చినా, రెండో వైపు మరో గడ్డ వచ్చినా తట్టుకోవడానికి, మళ్ళీ వైద్యం చేయించుకోవడానికి వాళ్ళకు ఊపిరి మిగిలిందనేది డాక్టర్లు చెప్పే కారణాల్లో ఒకటి. ఊపిరి సామర్థ్యం కొలిచే ఊదుడు పరీక్షలో తేడా మాత్రం అందరూ అనుకున్నంత పెద్దది కాదు, ఆపరేషనైన ఏడాది తర్వాత చూస్తే మూడు నాలుగు శాతమే. "సెగ్మెంట్ తీస్తే అసలేమీ తీయనట్టే ఉంటుంది" అని ఎవరైనా చెబితే నమ్మకు.

ఆ మూడు నాలుగు శాతం నాకు పెద్ద లెక్క కాకపోవచ్చు. నీకు అవుతుంది. ముప్పై ఏళ్ళు సిగరెట్ తాగిన ఊపిరితిత్తులు నీవి. ఇప్పటికే కొంత పోగొట్టుకున్నావు. పైగా సిగరెట్ తాగినవాళ్ళకు ఒక గడ్డ పోయాక ఇంకోచోట కొత్తది వచ్చే అవకాశం ఎక్కువ. రేపటి కోసం ఊపిరి మిగుల్చుకోవాల్సిన అవసరం నాకంటే నీకే ఉంది. మనవాళ్ళు పొదుపు అని తీసిపారేస్తున్నది దీన్నే.

అయితే సెగ్మెంట్ నీకు సరిపోతుందని నేను చెప్పలేను, చెప్పకూడదు. అది తేల్చేవి వేరే ఉన్నాయి. గడ్డ 2 సెంటీమీటర్ల లోపే ఉండాలి. ఊపిరితిత్తి బయటి అంచు వైపు ఉండాలి, నడిమధ్యన పెద్ద గొట్టాల దగ్గర ఉంటే కుదరదు. లింఫ్ గ్రంథుల్లోకి పాకి ఉండకూడదు. గడ్డ చుట్టూ కనీసం 2 సెంటీమీటర్లో, లేదా గడ్డ ఎంత ఉందో అంతో, మంచి కండ కలిసి వచ్చేలా తీయగలగాలి. దాన్ని మార్జిన్ అంటారు. ఈ మాట బాగా గుర్తుపెట్టుకో. స్కాన్ రిపోర్టులో గడ్డ ఎంత గట్టిగా ఉంది, ఎంత భాగం మసక అద్దంలా ఉంది అని కూడా రాస్తారు. మసక ఎక్కువగా ఉన్నవి సాధారణంగా నెమ్మదిగా పెరిగే రకం. అది కూడా అడుగు.

ఇంకో సంగతి. నాది ఎడమ కింది లోబ్‌లో పై సెగ్మెంట్. దాన్ని తీయడం సర్జన్లకు కాస్త తేలిక, విడిగా ఉంటుంది. నీది కుడి పై లోబ్‌లో వెనక సెగ్మెంట్ అన్నావు. అక్కడ సెగ్మెంట్లు రెండు మూడు వైపుల ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, పని కష్టం. నాకు బాగా అయింది కాబట్టి నీకూ అలాగే అవుతుందని లెక్క వేసుకోకు. "ఇలాంటి సెగ్మెంట్ ఆపరేషన్లు మీరు ఎన్ని చేశారు, ముందుగా త్రీడీ స్కాన్‌లో నా రక్తనాళాలు చూస్తారా" అని అడుగు. మంచి సర్జన్ ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. బెజవాడ సూర్యారావుపేటలో ఒకరిని చూశావు, ఇంకొకరి అభిప్రాయం కూడా తీసుకో. ఊపిరితిత్తుల ఆపరేషన్లే ఎక్కువగా చేసే సర్జన్ కోసం హైదరాబాద్ వెళ్ళాల్సి వచ్చినా వెళదాం. రోబో ఉందా లేదా అన్నది నా దృష్టిలో రెండో సంగతి. నాకు మామూలు కీహోల్‌లోనే, అంటే చిన్న రంధ్రాల్లోంచే చేశారు.

సూది పరీక్ష గురువారం పెట్టుకున్నారన్నావు. మీ వీధి చివర ఆర్ఎంపీ డాక్టరు "ముందు రెండు నెలలు టీబీ మందులు వాడి చూద్దాం" అన్నాడని కూడా చెప్పావు. దీని దగ్గర నా మాట గట్టిగా విను. నాకు జరిగింది అదే. మొదటిసారి ఎక్స్‌రేలో మచ్చ కనపడగానే ఒక డాక్టరు కఫం పరీక్ష కూడా చేయించకుండా టీబీ మందులు రాశారు. నాలుగు నెలలు మింగాను. ఒంటి మీద దద్దుర్లు, వాంతులు, మూత్రం ఎర్రగా. మచ్చ మాత్రం అలాగే ఉంది. ఆ నాలుగు నెలల్లో అది పాకి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్నే కాదేమో. మన దగ్గర టీబీ ఎక్కువే, నిజం. టీబీ అయితే కఫంలోనో, టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్షలోనో, సూదితో తీసిన ముక్కలోనో పట్టుకుని చూపించమను. ఆధారం లేకుండా మందులు మొదలుపెట్టొద్దు. పెట్ స్కాన్‌లో గడ్డ వెలిగింది కాబట్టి క్యాన్సరే అని కూడా అనుకోకు. టీబీ మచ్చలూ అలాగే వెలుగుతాయి. ఛాతీ మధ్యలో గ్రంథి వెలిగినా అంతే, దాన్నీ ముక్క తీసి చూశాకే పాకిందో లేదో అనాలి.

"సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుంది" అని మన పెద్దమ్మ అప్పుడు నా మంచం పక్కన కూర్చుని ఏడ్చింది. అలా జరగడం చాలా అరుదు. సూది వల్ల నిజంగా రాగల ఇబ్బంది వేరే ఉంది, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరొచ్చు. అందుకే పరీక్షయ్యాక కొన్ని గంటలు ఉంచుకుని ఎక్స్‌రే తీస్తారు. పనుందని మధ్యలో లేచి ఇంటికి రాకు. ఒక్కోసారి గడ్డ సూదికి అందని చోట ఉంటే ఆపరేషన్ బల్ల మీదే ముక్క తీసి అప్పటికప్పుడు పరీక్షించి ముందుకు వెళతారు. దాన్ని ఫ్రోజెన్ సెక్షన్ అంటారు. నువ్వు చేయించుకునే ఆసుపత్రిలో ఆ వసతి అక్కడికక్కడే ఉందో లేదో ముందే తెలుసుకో.

ఎందుకంటే, తమ్ముడూ, నువ్వు మనసులో సిద్ధం చేసుకోవాల్సింది ఇది. సెగ్మెంట్ అనుకుని లోపలికి వెళ్ళి, లోబ్ పోగొట్టుకుని బయటికి రావచ్చు. తెరిచాక గ్రంథిలో జబ్బు కనపడితే, లేదా మార్జిన్ సరిపోకపోతే, సర్జన్ అక్కడే మనసు మార్చుకుని లోబ్ మొత్తం తీస్తారు. తీయాలి కూడా. అమెరికా పరీక్షలో కూడా ఆపరేషన్ మధ్యలో గ్రంథులు చూసి, శుభ్రంగా ఉన్నవాళ్ళనే తీసుకున్నారు. సంతకం పెట్టే కాగితంలో "అవసరమైతే లోబ్" అనే మాట ఉంటుంది. దాన్ని చూసి మోసం అనుకోకు. మరదలికీ ముందే చెప్పి ఉంచు. థియేటర్ బయట కూర్చున్నప్పుడు నర్సు వచ్చి "లోబ్ తీయాల్సి వచ్చింది" అంటే ఆమె కుప్పకూలిపోకూడదు. నువ్వూ మెలకువ వచ్చాక "ఓడిపోయాను" అనుకోకూడదు. నేను నా మొండితనంతో "సెగ్మెంట్ తప్ప ఇంకేం తీయొద్దు" అని రాయించబోయాను. మీ బావగారు ఆపారు. ఆయన చేసిన మంచి పని అది.

సిగరెట్ సంగతి. "రోజుకు రెండే" అన్నావు. ఆ రెండూ ఇవాళే మానేయ్. ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు మానితే మంచిదంటారు. వారమే ఉన్నా మానడం మంచిదే, దాని కోసం ఆపరేషన్ వాయిదా వేయొద్దు. పైన చెప్పిన ఆ గ్రాహమ్ ఏళ్ళ తరబడి సిగరెట్లు తాగినవాడు. 1950లో ఆయనే ఒక వైద్య విద్యార్థితో కలిసి పొగకూ ఊపిరితిత్తి క్యాన్సర్‌కూ సంబంధం ఉందని బయటపెట్టాడు, తర్వాత మానేశాడు. 1957లో అదే జబ్బుతో పోయాడు. ఆయన ఊపిరితిత్తి తీసిన రోగి 1963 దాకా బతికాడు. ఇది చదివిన రోజు నాకు నువ్వే గుర్తొచ్చావు. అప్పటికి నీకేమీ లేదు. అయినా ఫోన్ చేసి తిట్టాను, గుర్తుందా?

నాకెందుకొచ్చిందని నువ్వు అప్పుడడిగావు. జన్మలో బీడీ ముట్టని దాన్ని. సిగరెట్ తాగని ఆడవాళ్ళకూ ఈ జబ్బు వస్తుంది, మన ఆసియా దేశాల్లో ఇంకా ఎక్కువ. చిన్నప్పుడు అమ్మతో పాటు కట్టెల పొయ్యి ఊదడం వల్లేనా అంటే నా ఒక్కదాని విషయంలో ఎవరూ తేల్చి చెప్పలేరు. ఆ ఆలోచన వదిలేశాను.

ఇప్పటి నుంచే రోజూ నడువు. ఊపిరి పరీక్షలు రెండు చేస్తారు. ఒకటి ఊదేది, ఇంకొకటి గాలిలోంచి రక్తంలోకి ఎంత చేరుతోందో చూసేది. సిగరెట్ తాగిన నీకు రెండోది ముఖ్యం, చేయకపోతే అడుగు. మూడు బంతుల స్పైరోమీటర్ కొనుక్కుని ఇప్పుడే అలవాటు చేసుకో. దాన్ని ఊదకూడదు, లోపలికి పీల్చాలి. వార్డులో సగం మంది బుగ్గలు ఉబ్బించి ఊదుతుంటారు, ఎవరూ సరిచేయరు. నెమ్మదిగా పీల్చి, బంతులు పైన ఉండగా రెండు మూడు సెకన్లు పట్టి, వదలాలి. గుండెకు ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబడే బిళ్ళలు వాడుతున్నావు కదా, ఆ సంగతి సర్జన్‌కూ మత్తు డాక్టరుకూ ఇద్దరికీ చెప్పు. ఎప్పుడు ఆపాలో వాళ్ళు చెబుతారు, నీ అంతట నువ్వు ఆపకు. షుగర్ కట్టుదిట్టంగా ఉంచుకో.

ఆపరేషన్ అయ్యాక పక్కటెముకల మధ్య నుంచి ఒక గొట్టం, కింద నీళ్ళున్న సీసా ఉంటాయి. దగ్గితే సీసాలో బుడగలు వస్తాయి. నేను మొదటి రోజు ఆ బుడగలు లెక్కపెడుతూ హడలిపోయాను. కోసిన చోట నుంచి కొంచెం గాలి లీకవడం మామూలే, సెగ్మెంట్ ఆపరేషన్‌లో అది లోబ్ కన్నా కొద్దిగా ఎక్కువ కూడా. నాకు ఐదో రోజున గొట్టం తీశారు. నీకు ఇంకో రెండు మూడు రోజులు ఎక్కువ పట్టినా కంగారుపడకు. సీసాను ఎప్పుడూ ఛాతీ కన్నా కిందే ఉంచాలి. చూడటానికి వచ్చిన చుట్టాలు దాన్ని తన్నకుండా మరదలిని కనిపెట్టి ఉండమను.

నొప్పి ఉంటుంది. మందు అడగడానికి సిగ్గుపడకు. నొప్పికి భయపడి దగ్గకపోతే కఫం లోపలే ఉండిపోయి న్యుమోనియా వస్తుంది, అది ఆపరేషన్ కన్నా పెద్ద గొడవ. దిండు ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గు. రెండో రోజు నుంచే సీసా చేత్తో పట్టుకుని వరండాలో నడిపిస్తారు. గుండె దడదడలాడితే వెంటనే నర్సుకు చెప్పు. ఊపిరితిత్తి ఆపరేషన్ల తర్వాత మొదటి రోజుల్లో గుండె లయ తప్పడం కొందరికి జరుగుతుంది, మందులతో సర్దుకుంటుంది.

ఎవరూ ముందుగా చెప్పనిది ఒకటుంది. కోత మానిపోయాక కూడా ఆ పక్కన పక్కటెముకల కింద తిమ్మిరి, మధ్యమధ్యలో మంట నెలల తరబడి ఉంటాయి. నాకు జాకెట్టు తగిలితే భరించలేకపోయేదాన్ని. జబ్బు తిరగబెట్టిందేమోనని రెండు నెలలు ఎవరికీ చెప్పకుండా కుమిలిపోయాను. చివరికి అడిగితే, పక్కటెముకల మధ్య ఉండే నరం నలగడం వల్ల వచ్చేదన్నారు, రాత్రి పూట ఒక బిళ్ళ రాశారు, తగ్గింది. నీకు వస్తే రెండు నెలలు ఆగకు.

దగ్గు కూడా కొన్ని వారాలు ఉంటుంది. ఇంట్లో ఎండుమిర్చి తాలింపు పెట్టేటప్పుడు నువ్వు వీధి వైపు గదిలో ఉండు. నన్ను మార్చిలో యార్డు వైపు ఉన్న చుట్టాలింటికి తీసుకెళ్ళారు. మిర్చి సీజను, ఆ ఘాటుకు దగ్గీ దగ్గీ కళ్ళు తిరిగాయి.

తిండి దగ్గర అందరూ డాక్టర్లే. పెరుగు తింటే నెమ్ము, పప్పు తింటే చీము అంటారు. ఏదీ వినకు. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. గుడ్డు, పప్పు, పెరుగు, చేప, నీకు ఏది సయిస్తే అది బాగా తిను. ఊరి నుంచి ఎవరో ఆకుపసరు పంపుతామన్నారట. వద్దని మర్యాదగా చెప్పు.

డబ్బు గురించి నువ్వు అడగలేదు కానీ ఆలోచిస్తున్నావని తెలుసు. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు, అందులో నీకేమైనా వర్తిస్తుందేమో ఆసుపత్రిలో ఆ పథకం కౌంటర్ దగ్గర అడుగు. నీ ఇన్సూరెన్స్ ఉంటే ఆపరేషన్ ముందే అనుమతి తెప్పించు. ప్యాకేజీలో స్టాప్లర్లు ఉన్నాయో, విడిగా బిల్లు వేస్తారో కాగితం మీద రాయించుకో. ఈ ఆపరేషన్‌లో ఎక్కువ ఖర్చయ్యే వస్తువుల్లో అదొకటి. మిగతాది నేనూ మీ బావగారూ చూసుకుంటాం. దీని మీద వాదించకు.

ముక్కను పూర్తిగా పరీక్షించిన రిపోర్టు రావడానికి వారం పది రోజులు పడుతుంది. గ్రంథుల్లో కంటికి కనపడనంత జబ్బు ఉందని అందులో తేలితే మళ్ళీ చర్చ మొదలవుతుంది. కొందరికి కీమో, కొందరికి జన్యు పరీక్షను బట్టి బిళ్ళలు ఇస్తారు. ఏమీ లేకపోతే మందులే ఉండవు. నాకలాగే అయింది. "మరి మందు?" అని నేను అడిగితే "ఆరు నెలలకోసారి స్కాన్" అన్నారు. ఆ స్కాన్లు ఒక్కటి కూడా మానకూడదు. ఊపిరి మిగుల్చుకున్నవాళ్ళు దానికి బదులుగా చేయాల్సిన పని అది. ఎందుకంటే అదే చోట తిరగబెట్టినా చిన్నగా ఉన్నప్పుడు పట్టుకుంటే మళ్ళీ దారి ఉంటుంది. నాకు ఇప్పటికీ స్కాన్‌కు వారం ముందు నుంచి టెన్షన్ మొదలవుతుంది. ఆ వారం మీ బావగారు నాతో ఎన్టీఆర్ స్టేడియంలో రెండు రౌండ్లు ఎక్కువ నడుస్తారు, ఏమీ మాట్లాడకుండా.

మా ఇల్లు రెండో అంతస్తు, లిఫ్టు లేదని నీకు తెలుసు. ఆపరేషనయిన నెలకు మధ్యలో రెండుసార్లు ఆగి ఎక్కాను. మూడు నెలలకు ఒక్కసారి ఆగాను. ఇప్పుడు కూరగాయల సంచీతో ఆగకుండా ఎక్కుతున్నాను. పైకి చేరాక కాస్త ఆయాసం ఉంటుంది, అరవై ఆరేళ్ళు వచ్చాయి మరి.

గురువారం సూది పరీక్షకు నేను వస్తున్నాను. పొద్దున ఆరింటి బస్సు ఎక్కితే ఏడున్నరకు మీ ఇంట్లో ఉంటాను. నీ సీటీ, పెట్ స్కాన్ ఫిల్ములతో పాటు సీడీలు కూడా తీసి ఒక సంచీలో పెట్టి ఉంచు. రెండో సర్జన్‌కు చూపించాలంటే ఫిల్ము చాలదు, సీడీయే అడుగుతారు. పాత ఎక్స్‌రేలు ఏవైనా ఉంటే అవీ వెతుకు. రెండేళ్ళ క్రితం హెర్నియా ఆపరేషన్ ముందు తీసినది బీరువా పైన ఉంటుంది, మరదలినడుగు. అడగాలంటే ముందు ఆమెకు చెప్పాలి కదా. ఇవాళ రాత్రి అన్నం తిన్నాక చెప్పు.

ప్రేమతో,
అక్క